చెంచమ్మ పేరులో మూడక్షరాలు

లింటా అనే ప్రోగ్రామింగ్ భాషలోకి ఏది రావాలో, ఏది రాకూడదో తేల్చే ఐదుగురిలో వినుకొండలో ఉండే నగ్మా ఒకతె. ఈ సంగతి ఊళ్ళో ఆమె భర్త అస్లాంకి తప్ప మరెవరికీ తెలియదు. అస్లాంకి మాత్రం ఎంత తెలుసు? మోటార్లు చుట్టే షాపు నుంచి భోజనానికి వచ్చినప్పుడు ఆమె చెబితే విని, "ఇవాళ దేన్ని వద్దన్నావు?" అని అడిగేంత తెలుసు.

ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. నగ్మా పని ఎక్కువగా వద్దనడమే. ఏ భాషనైనా కంప్యూటర్‌లో ఎక్కించుకున్నప్పుడు దాంతోపాటే కొన్ని పనిముట్లు వస్తాయి. తేదీలు లెక్కగట్టడానికొకటి, జాబితాని వరసలో పేర్చడానికొకటి, ఫైలు తెరవడానికొకటి. ఆ పనిముట్ల పెట్టెనే స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. పెట్టెలో లేనిది కావాలంటే ఇంటర్నెట్‌లో వెతికి విడిగా దించుకోవాలి. ఒకసారి పెట్టెలో పెట్టినదాన్ని మళ్ళీ తీయడం దాదాపు కుదరదు. అప్పటికే ఎక్కడెక్కడో వేలమంది దాన్ని నమ్ముకుని ప్రోగ్రాములు రాసుకుని ఉంటారు. పైగా పెట్టిన ప్రతిదాన్నీ ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అందుకే ఎవరేం తెచ్చినా ముందు వద్దనడం, మరీ తప్పనిసరైతేనే సరేననడం ఆ ఐదుగురికీ అలవాటు. నగ్మా వద్దంటే కారణాలు సూది మొనలా ఉండేవి. భాషని మొదలుపెట్టిన ఫిన్లాండ్ ఆవిడ హెల్మి ఒకసారి మీటింగులో, "నగ్మా రాసింది చదివాక నాకు మాట్లాడటానికేమీ మిగలదు" అంది. ఆ మాట నగ్మా చాలాకాలం మురిపెంగా గుర్తుపెట్టుకుంది.

అలా ఆమె వద్దన్నవాటిలో అక్షరాలు విడదీసే పనిముట్టు ఒకటి.

కంప్యూటర్‌కి అక్షరం మనకి తెలిసినట్టు తెలియదు. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరం రాస్తే అది ఆరు గుర్తులుగా దాచుకుంటుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఎన్ని అక్షరాలని అడిగితే ఆరు అని చెబుతుంది. ఇంగ్లీషుకి ఈ బాధ లేదు. మనకీ, సింహళానికీ, బర్మీస్‌కీ ఉంది. మనుషులు లెక్కపెట్టుకునేలా అక్షరాలు విడదీసే పనిముట్టుని పెట్టెలో పెడదామని ఎవరో అడిగారు. నగ్మా పేజీన్నర రాసింది. ఏ గుర్తు దేనితో అతకాలో చెప్పే పెద్ద పట్టికలు దానికి కావాలి, అవి ఏటా మారుతుంటాయి, చిన్న మెషీన్లలో చోటు చాలదు, ఇదే పని చేసే ప్యాకేజీ బయట ఎలాగూ ఒకటి ఉంది. ఆఖరి వాక్యం ఇది: అవసరమైనవాళ్ళు దించుకుంటారు. ఐదుగురూ వద్దన్నారు. ఆ ఫైలు మూసేశారు.

అది నవంబర్. ఫిబ్రవరిలో ఆమెకి హైస్కూల్లో లెక్కలు చెప్పిన రాజేశ్వరి టీచర్ ఫోన్ చేసింది.

"నగ్మా, నువ్వు కంప్యూటర్ పనే గదా చేసేది? లింటా అని ఒకటుంది, విన్నావా?"

"విన్నాను టీచర్."

"రిటైరయ్యాక తోచక నేర్చుకున్నానే. తెలుగులో చిన్న పుస్తకం దొరికింది. అది పెట్టుకుని ఇక్కడ మిరపకాయల షెడ్డులో ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నా. అది చెడగొట్టింది. ఒకామె మానేసింది కూడా. నా తప్పెక్కడుందో ఒకసారి వచ్చి చూసి పెట్టు."

మర్నాడు పన్నెండున్నరకి నగ్మా స్కూటీ మీద బయల్దేరింది. నరసరావుపేట రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ దాటాక రేకుల షెడ్డు. అరఫర్లాంగు దూరం నుంచే ఘాటుకి గొంతు పట్టేసింది. లోపల నలభైమంది దాకా ఆడవాళ్ళు ఎర్రటి గుట్టల చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు, ముక్కులకి కొంగులు కట్టుకుని. ఒంటిగంటకి ఎవరో ఇనుప రేకు మీద కొట్టారు. చేతులు కడుక్కుని క్యారేజీలు విప్పారు. పావుగంటలో తినేసి, పన్నెండుమంది పలకలు తీసుకుని గోడవారకి వచ్చి కూర్చున్నారు. తిండి పోను మిగతా ముప్పావుగంట విశ్రాంతి ఉంటే వీళ్ళు దాన్ని చదువుకిచ్చారు. వారానికి ఐదు రోజులు, రెండు నెలల నుంచి.

టీచర్ పాత లాప్‌టాప్‌ని తలకిందులు చేసిన బక్కెట్ మీద పెట్టింది. ఆ షెడ్డులో ఫోన్ సిగ్నలే సరిగ్గా ఉండదు, ఇంటర్నెట్ మాట అటుంచు. పేరు కొడితే ఒక్కో అక్షరం ఒక్కో గడిలో పెద్దగా వస్తుంది, చూసి దిద్దుకోవడమే. టీచరే రాసుకున్న ప్రోగ్రాం, పదకొండు లైన్లు.

"'రమ' అంటే రెండు గడులు, చక్కగా వస్తుంది. 'లత' అన్నా అంతే. కొమ్ము గానీ వత్తు గానీ తగిలిందా, చెదిరిపోతుంది. ఇదిగో చూడు" అని టీచర్ "చెంచమ్మ" అని కొట్టింది.

తెరమీద ఏడు గడులు వచ్చాయి. మొదటి దాంట్లో చ. రెండో దాంట్లో ఎత్వం ఒంటరిగా, కింద చుక్కలతో గీసిన గుండ్రం. మూడో గడిలో మళ్ళీ చుక్కల గుండ్రం, పక్కన సున్నా. తర్వాత చ, మ, చుక్కల గుండ్రం మీద పొల్లు, మళ్ళీ మ.

"పుస్తకంలో ఉన్నట్టే రాశాను. ఇరవై మూడో పేజీ, మాటని అక్షరాలుగా విడదీయుట. పద్నాలుగు రోజులు చూశానే నగ్మా. ఒక్కో లైనూ చెరిపి మళ్ళీ రాశాను. తప్పు దొరకలేదు. వయసు మీద పడ్డాక ఇలాంటివి నెత్తికెత్తుకోకూడదేమో."

నగ్మా ఆ పదకొండు లైన్లూ చదివింది. ఎక్కడా తప్పులేదు. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషి, రెండువారాలు తన తప్పు కోసం తనే వెతుక్కుంది. వెతికితే దొరికే చోట అది లేదు. బయట ప్యాకేజీ ఒకటుందని ఆమెకి తెలియదు, తెలిసే దారీ లేదు. అసలు పెట్టెలో ఉన్నది సరిగ్గా పనిచెయ్యదన్న అనుమానం ఎవరికైనా ఎందుకొస్తుంది?

"మీరు సరిగ్గానే రాశారు టీచర్" అంది. ఇంకా ఏదో చెప్పబోయి, "మానేసింది ఎవరు?" అని అడిగింది.

టీచర్ గుట్టల వైపు చూపించింది. అందరూ లేచిపోయినా ఒకామె అక్కడే కూర్చుని తొడిమలు తీస్తోంది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. వీళ్ళవైపు వీపు పెట్టి కూర్చుంది.

నగ్మా వెళ్ళి పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, చెంచమ్మంటే నువ్వేగా? టీచర్ గారి దగ్గర చదువుకున్నదాన్ని."

"కూర్చో అమ్మాయి. ముక్కుకి గుడ్డ కట్టుకో, తుమ్ములొస్తయి."

"చదువెందుకు మానేశావు?"

చెంచమ్మ చేతులు ఆపలేదు. "నా మనవరాలు శ్రీరమ్య హాస్టల్లో చదువుద్ది. ఎప్పుడు చూడబోయినా గేటు కాడ పుస్తకంలో ఏలుముద్రే. ఎనక నిలబడ్డోళ్ళందరూ సంతకాలు పెడతారు. అందుకని మొదలెట్టా. పేరు రాయడం వచ్చింది కూడా. మూడక్షరాలు. తీరా ఆ మిషన్లో కొడితే ఏడంట. అందులో సగం అక్షరాలు నేనెప్పుడూ చూడలా. ఆ చుక్కల గుండ్రాలేందో. అంటే నాకొచ్చింది వుత్తుత్తి రాతేగా? ఇంకా నాలుగు నేర్చుకునే ఓపిక నాకు లేదమ్మా."

"టీచర్ గారు చెప్పలేదా, నీదే కరెక్టని?"

"చెప్పింది. ఆమె మంచిది, నేను బాధపడతానని అట్టా అంటది. మిషన్‌కి ఆ మొహమాటం ఉండదుగా."

నగ్మా బ్యాగులోంచి నోటుబుక్కూ పెన్నూ తీసిచ్చింది. చెంచమ్మ ఒద్దొద్దంటూనే కొంగుకి వేళ్ళు తుడుచుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసింది. చకారానికి ఎత్వం, పక్కన సున్నా. చ. మ, దాని కింద మావత్తు, కాస్త పక్కకి జారి. రాయడానికి నిమిషం పట్టింది. పేజీ మూలన మిరపకాయ ఎరుపు అంటుకుంది.

"చెం, చ, మ్మ. మూడే పెద్దమ్మా. నువ్వు రాసిందే సరైంది. మిషన్‌కి అక్షరాలు లెక్కపెట్టడం రాదు, ఎవరో నేర్పాలి. నేర్పక్కర్లేదని తేల్చినవాళ్ళలో నేనూ ఉన్నాను."

చెంచమ్మ మొదటిసారి చేతులాపి చూసింది. "మిగతావోళ్ళు తెల్లోళ్ళా? తెలుగు రాదా వాళ్ళకి?"

"వాళ్ళకి రాదు. నాకొచ్చు."

"మరి?"

పేజీన్నర కారణాల్లో ఒక్కటి కూడా ఆ గుట్ట పక్కన కూర్చుని చెప్పుకునేలా లేదు. నగ్మా తనూ ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచింది. చెంచమ్మే అంది, "అయితే సరిచెయ్యి. దానికి నువ్వు తెలుసుగా."

ముందు చేతిలో ఉన్న పని చూద్దామనుకుంది నగ్మా. టీచర్ ఫోన్‌లో అక్షరాలనగానే అనుమానమొచ్చి, బయటి ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో ఇంటినుంచే తెచ్చింది. అది ఎక్కించి కొడితే ఏడు పోయి నాలుగయ్యాయి. చెం, చ, మ్, మ. చూస్తే ఆ ప్యాకేజీని మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు, వత్తుల నియమం మారాక దాన్ని దిద్దినవాళ్ళు లేరు. అవసరమైనవాళ్ళు దించుకుంటారని రాసింది గానీ, దించుకున్నా ఏమొస్తుందో తను ఒక్కసారైనా చూసిందా? చూడలేదు. సిగ్గనిపించింది. బక్కెట్ ముందు గోనెపట్టా వేసుకుని కూర్చుని, తెలుగుకి మటుకు సరిపోయేలా ఇరవై లైన్లు అక్కడికక్కడ రాసింది. టీచర్ ప్రోగ్రాంలో దాన్ని అతికి మళ్ళీ కొట్టింది.

మూడు గడులు. చెం. చ. మ్మ.

టీచర్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పన్నెండుమందిలో ఒకామె "చెంచమ్మక్కా, రాయే, నీ పేరు అతుక్కుంది" అని కేకేసింది. చెంచమ్మ లేచి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని తెరవైపు చాలాసేపు చూసింది.

"ఇప్పుడు దానికొచ్చింది" అంది.

అందరూ తమ తమ పేర్లు కొట్టమన్నారు. రహమతున్నీసా అనే ఆమె పేరు అంతకుముందు పదకొండు గడులై తెర దాటిపోయేదట, ఇప్పుడు ఆరింట్లో సర్దుకుంది. ఆమె నగ్మాకేసి చూసి నవ్వి, "పదకొండని చెబితే మా ఆయన, నీ నోటికి తగ్గట్టే ఉంది పేరన్నాడు" అంది. రెండింటికి ఇనుప రేకు మోగేదాకా ఎవరూ కదల్లేదు.

ఇంటికి వస్తుంటే నగ్మాకి మనసు కుదురుగా లేదు. స్కూటీ మీద వచ్చి ఇరవై లైన్లు రాసిపెట్టే మనిషి రాజేశ్వరి టీచర్‌కి దొరికింది. ఇలాంటి టీచర్లు ఇంకెంతమంది, ఎన్ని చోట్ల, తమ తప్పు కోసం వెతుక్కుంటూ ఉన్నారో. వాళ్ళెవరూ ఫిర్యాదు రాయరు. మానేస్తారు, అంతే.

మూసిన ఫైలుని తిరిగి తెరవాలంటే, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో రాయాలని నియమం. నగ్మా ఈసారి వాదన రాయలేదు. షెడ్డులో జరిగింది జరిగినట్టు రాసింది. పదకొండు లైన్లు, పద్నాలుగు రోజులు, ఏడు గడులు. చివర, "నవంబర్‌లో నేను రాసింది తప్పు. పట్టికలు మారతాయన్నది నిజమే. ఏటా మారేదాన్ని కనిపెట్టుకుని ఉండే పని, అది చెయ్యగలిగిన మన మీద ఉండాలి గానీ, అది తప్పని కూడా తెలియనివాళ్ళ మీద కాదు" అని రాసి పంపింది.

మీటింగు రోజు మధ్యాహ్నం మూడింటికి ఐదు మొహాలూ తెరమీదకి వచ్చాయి. హెల్మి సూటిగా అడిగింది. "పెట్టడం సులువే. పదేళ్ళ తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?"

"నేను చూసుకుంటాను."

"ఒక్కరు చాలరు. నీకు జ్వరమొస్తే?"

అప్పుడు శ్రీలంకలోని క్యాండీ నుంచి దిల్రుక్షి మైకు ఆన్ చేసింది. ఆమె మాటలో తడబాటుంది. "నేను కూడా చూసుకుంటాను. సింహళానికీ ఇదే అవస్థ. నవంబర్‌లోనే చెప్పాలనుకున్నాను. కానీ ఇదే ఇబ్బంది ఉన్న నగ్మాయే వద్దంటుంటే, నాది చిన్న విషయమేమో అనుకుని ఊరుకున్నాను."

ఆ మాట నగ్మాకి గట్టిగానే తగిలింది. తను వద్దన్నది ఒక పనిముట్టుని మాత్రమే అనుకుంది. దాంతోపాటు ఒక మనిషి నోరు కూడా మూసిందని తెలియదు. "నన్ను క్షమించు దిల్రుక్షీ" అంది. దిల్రుక్షి చేయి ఊపి, "ఇప్పుడు అడిగావుగా" అంది.

టొమాస్ మాత్రం ఒప్పుకోలేదు. వాతావరణ కేంద్రాల్లో పెట్టే చిన్న చిన్న మెషీన్లలో లింటా నడిపించేది అతని బృందమే. "మీ కథ నాకు అర్థమైంది, బాధ కలిగింది కూడా. కానీ ఈ పట్టికలు ఎక్కిస్తే నా మెషీన్లలో చోటుండదు. నేను వద్దనే అంటాను" అన్నాడు. ఓట్లు నాలుగు ఒకటి. పనిముట్టు లోపలికి వచ్చింది. నగ్మాకి సంతోషం సగమే దక్కింది. టొమాస్ చెప్పింది అబద్ధం కాదు. ఆరేళ్ళుగా కలిసి పనిచేసిన మనిషి, వీడ్కోలు కూడా చెప్పకుండా తెర మీంచి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఆ పనిముట్టుకి అతని నుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది, ఉత్తరం లేకుండా. నగ్మా తెరిచి చూసింది. పక్కపక్కనే ఉండి ఒకేలా నడుచుకునే గుర్తుల్ని గుంపులు కట్టి, పట్టికలన్నిటినీ ఐదోవంతుకి కుదించాడు. తెలుగు వరస దగ్గర ఒక గమనిక కూడా పెట్టాడు: దీన్ని నాకన్నా బాగా తెలిసినవారు సరిచూడాలి. నగ్మా ఆ పట్టికలు సరిచూడటానికి రెండురోజులు పట్టింది. ఒకచోట మాత్రం చిన్న పొరపాటు దొరికింది. దిద్ది, టొమాస్‌కి ఉత్తరం రాసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, షెడ్డులో చెంచమ్మ మూడు గడుల ముందు నిలబడి అన్న మాటని ఇంగ్లీషులో చెప్పి, నీకు చాలా రుణపడి ఉన్నాను అని ముగించింది. అతను ఒక్క వాక్యం జవాబిచ్చాడు. "నేను ఇప్పటికీ వద్దనే అంటాను, కానీ లోపలికి వచ్చాక అది నాదీ కదా."

ఆ వాక్యం నగ్మా అస్లాంకి చదివి వినిపించింది. అస్లాం అన్నం కలుపుతూ ఆగి, "అలాంటి మనిషి పక్కనుంటే ఎంత పనైనా చెయ్యొచ్చు" అన్నాడు.

లింటా కొత్త వెర్షన్ అక్టోబర్‌లో వచ్చింది. ప్రతి మార్పు పక్కనా ఆ ఇబ్బందిని ముందు ఎత్తి చూపినవాళ్ళ పేర్లు వేస్తారు. నగ్మా అక్కడ "రాజేశ్వరి, చెంచమ్మ, వినుకొండ" అని తెలుగులోనే రాసింది. హెల్మి అభ్యంతరం చెప్పలేదు. ఆ పేజీని ఫోన్‌లో చూపిస్తే టీచర్ తనపేరు వదిలేసి ముందు మావత్తు సరిగ్గా పడిందా లేదా అని చూసింది.

చెంచమ్మ జూన్‌లోనే హాస్టల్ పుస్తకంలో సంతకం పెట్టేసిందట. గేటు దగ్గర అమ్మాయి కుర్చీ ఇచ్చిందనీ, కూర్చుని రాశాననీ, ఎవరూ తొందర పెట్టలేదనీ ఆమే చెప్పింది. ఇప్పుడు శ్రీరమ్యకి ఉత్తరం రాయడం నేర్చుకుంటోంది. ఫోన్‌లో మాట్లాడొచ్చు కదా అంటే, ఫోన్‌లో మాట పెట్టెయ్యగానే పోద్ది, ఉత్తరమైతే పిల్ల దాచుకుంటది అంది.

మరుసటేడు పట్టికలు మారిన రోజున నగ్మా, దిల్రుక్షి పొద్దున్నే చెరో కప్పు టీతో తెరముందు కూర్చుని వరస వరసా సరిచూశారు. దిల్రుక్షి సింహళ పేర్లు చదువుతుంటే నగ్మా నోరు తిరగక నవ్వింది, నగ్మా తెలుగు పేర్లు చదువుతుంటే ఆమె నవ్వింది. పదకొండింటికల్లా అయిపోయింది. ఏడాదికి ఒక పూట. ఇంతోటి పనికా నేను పేజీన్నర రాశాను అనుకుంది నగ్మా. ఆ పేజీన్నర చదివి కూడా తన మాట మళ్ళీ విన్నవాళ్ళ మీద ఆమెకి ఎంతో కృతజ్ఞత కలిగింది.

టీ కప్పులు కడుగుతుంటే ఫోన్ మోగింది. రాజేశ్వరి టీచర్.

"నగ్మా, ఖాళీగా ఉన్నావా? పేర్లన్నీ అకారాది క్రమంలో పెట్టమంటే మీ లింటా 'క్షమ'ని 'కోటమ్మ' తర్వాత పడేస్తోంది. నా నిఘంటువులోనూ అలాగే ఉంది, ఇంకో నిఘంటువులో వేరేగా ఉంది. మనం ఏ వరస పెట్టమని అడుగుదాం?"

నగ్మా తడిచేతులు తుడుచుకుని, నోటుబుక్కు తీసుకుని, నేల మీదే కూర్చుంది.

"రెండు నిఘంటువుల పేర్లూ చెప్పండి టీచర్, రాసుకుంటాను."